పులిసింది కాదండీ, స్పెషల్!

డిసెంబరు రాగానే ఇంగ్లండు పబ్బుల్లో బీరు తోడే హ్యాండ్‌పంపుకి శాంటా బండి లాగే ఎర్రముక్కు దుప్పి బొమ్మ ఒకటి వేలాడుతుంది. కింద శాంటా మీద ఏదో బూతు శ్లేష. అదే వింటర్ ఏల్, అంటే చలికాలానికని కాచే బీరు, పేరు. ఆ పేరుతోనే రుచీ తెలిసిపోతుంది: దాల్చినచెక్క, లవంగం, జాజికాయ. మన ఇళ్లలో జలుబు చేస్తే ఇచ్చే కషాయమే, కాకపోతే అమ్మ బిల్లు వేయదు.

నిజానికి ఈ ఏల్‌కి మసాలా అక్కర్లేదు. క్రిస్టల్ మాల్టు (మొలకెత్తించి వేయించిన బార్లీ) తెచ్చే పాకం రుచీ, ఫగల్, గోల్డింగ్ రకాల హాప్స్ (చేదు పూలు) తెచ్చే చేదూ చాలు. ససెక్స్‌లోని లూయిస్ ఊళ్లో కాచే హార్వీస్ ఓల్డ్ ఏల్ ఆల్కహాలు 4.3 శాతమే. దుప్పి లేకుండానే చలి పోగొడుతుంది.

సరే, మసాలాని క్షమిద్దాం. క్షమించలేనిది జనవరి రెండో వారం.

ఈ ఏల్ పబ్బుకి వచ్చే చిన్న పీపాని ఫర్కిన్ అంటారు. 9 గ్యాలన్లు, అంటే 72 పింట్లు. సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీల మధ్య కదపకుండా పడుకోబెట్టి, పైచిల్లులో మెత్తటి చెక్కమేకు దిగ్గొట్టి అదనపు గ్యాసు పోనివ్వాలి. మడ్డి అడుక్కి దిగాకే పోయాలి. (ఆ మడ్డిని దించేది చాలాచోట్ల చేప ఈతసంచి నుంచి తీసిన జిగురు. శాకాహారులారా, అడిగి తాగండి.) ఇక ప్రతి పింటూ బయటికొచ్చినప్పుడల్లా 568 మిల్లీలీటర్ల గాలి లోపలికి పోతుంది. అందుకే తెరిచిన మూడు రోజుల్లో పీపా ఖాళీ అవ్వాలి. రోజుకి 24 పింట్లు.

పండగ వెళ్లాక దుప్పిని అడిగేదెవరు? రోజుకి నలుగురు. మూడు రోజులకి పన్నెండు పింట్లు పోయాయి. మిగతా అరవై? పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఏమవుతుందో తెలిసిన జాతికి వేరే చెప్పాలా!

ఇక్కడే అసలు నాటకం. పుల్లగా ఉందని గ్లాసు వెనక్కిస్తే, కౌంటరులో కుర్రాడు దాన్ని దీపానికి ఎత్తి చూస్తాడు. పులుపు కంటికి కనబడుతుందని ఎవరో చెప్పినట్టున్నారు. తర్వాత మేనేజరు వస్తాడు. వాసన చూస్తాడు. కళ్లు మూసుకుంటాడు. ఒక చుక్క నాలుక మీద వేసుకుని, సంగీత సభలో పెద్దలా తలాడిస్తాడు. తీర్పు వస్తుంది: "ఇది సీజనల్ కదండీ, ఇలాగే ఉండాలి."

ఇలాగే ఉండాలా? గాలి దూరి, బ్యాక్టీరియా చేరి, ఆల్కహాలు ఆమ్లంగా మారితే అది సీజనల్ రుచా? పీపా పారబోస్తే నష్టమని తెలిసి, రుచి తెలియని వాడిగా తాగేవాడినే నిలబెడతారే! సిగ్గుండాలి. మాల్టు నానబెట్టి, మరిగించి, చల్లార్చి, ఈస్టు వేసి కాపలా కాసిన బ్రూవరు కష్టం ఇక్కడ మూడు రోజులు లెక్కపెట్టడం చేతగాని సెల్లార్‌లో చచ్చింది.

అంత గిరాకీ లేకపోతే సగం పీపా తెప్పించుకోవచ్చు. దాన్ని పిన్ అంటారు, 36 పింట్లు. అదీ వద్దంటే ఆ మిగిలిన అరవై పింట్లూ వీధి చివరి ఫిష్ అండ్ చిప్స్ కొట్టుకి పంపండి. అక్కడ చిప్స్ మీద చల్లే మాల్టు వెనిగర్‌కి ఏడాది పొడవునా సీజనే.