అంచు చెదిరిన నేరం

ఆగస్టు వస్తే నాకు చేనేత మీద ప్రేమ పొంగుకొస్తుంది. ఇది నా సొంత పైత్యం కాదు. 2015 నుంచి ప్రభుత్వమే ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవం చేసి, ఈ ప్రేమకు ముహూర్తం పెట్టింది. 1905లో అదే రోజున కలకత్తా టౌన్ హాల్లో స్వదేశీ ఉద్యమానికి పిలుపిచ్చారు కాబట్టి ఆ తేదీ. ఎనిమిదో తారీఖు నుంచి ఎలాగూ మన పాలియెస్టర్ మనకుంది. ఒక్క రోజైనా దేశభక్తిని ఒంటికి చుట్టుకుందామని మా ఆవిడను వెంటబెట్టుకుని చేనేత ప్రదర్శనకు వెళ్లాను. నేతన్న మనల్ని ఎంత దగా చేస్తున్నాడో అక్కడే తెలిసింది.

పోచంపల్లి పట్టుచీర ఒకటి విప్పించాను. ఎర్రటి చీర, తెల్ల డైమండ్ గళ్లు. కళ్లజోడు సవరించుకుని చూద్దును గదా, ఒక్క గడి అంచూ తిన్నగా లేదు. నాసి కాగితం మీద సిరా పారినట్టు ప్రతిదీ కాస్త కాస్త చెదిరి ఉంది.

"ఏం బాబూ, ప్రింటు అలుక్కుపోయిందే?" అన్నాను, మర్యాదగానే.

అతను మాట్లాడకుండా చీర తిరగేశాడు. వెనకా అదే గడి, అదే ఎరుపు, అదే చెదురు. "ప్రింటు కాదు సార్. నేసేకంటే ముందే పోగుకు రంగేస్తం. పోగు వెంట్రుకంత జరిగినా అంచు గట్లనే వస్తది."

తప్పు ఒకవైపు చేసింది చాలక రెండోవైపూ చేశాడు. పైగా దాచుకోవాలన్న ఇంగితం కూడా లేదు.

అదే పక్క స్టాలు చూడండి. అదే ఎరుపు, అదే గడి, స్కేలు పెట్టి గీసినట్టు అంచులు. ధర అయిదో వంతు. పైన "పోచంపల్లి డిజైన్" అని బోర్డు. తిరగేస్తే మాత్రం పాలిపోయి ఉంది. దీన్ని నకిలీ అనేవాళ్లున్నారు. ముందొక రంగు, వెనకొక రంగు ఉండటమే నకిలీ అయితే మన చుట్టాల్లో ఎంతమంది మిగులుతారు?

అసలు ఈ ఇక్కత్ పద్ధతిలోనే ఏదో మొండితనం ఉంది. ముందు డిజైను గళ్ల కాగితం మీద గీస్తారు. రంగు అంటకూడని చోటల్లా పోగుల కట్టకు రబ్బరు ముక్కలు బిగించి కడతారు. రంగులో ముంచుతారు, ఆరబెడతారు, విప్పుతారు, ఇంకో రంగు కోసం ఇంకో చోట కడతారు. ఇదంతా అయ్యాక మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, అడ్డపోగు మోసే నాడె ఆడిన ప్రతిసారీ గడి గడితో కలిసిందో లేదో చూసుకుంటూ నేస్తారు. తెల్లబట్ట నేసి పైన అచ్చు గుద్దితే పోయేదానికి! మిల్లువాడికి చిటికెలో తట్టిన ఈ ఉపాయం వీళ్లకు తరాలుగా తట్టలేదంటే ఏమనుకోవాలి?

ఇక ఆసు. కట్టడానికి ముందు పట్టుపోగును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పే పని. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలంటారు. ఇంట్లో ఆడవాళ్లే చేస్తారు. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ కూడా అందుకున్నాడు. సంతోషమే. కానీ యంత్రం మీద ఆసు పోస్తే అది "చేతి" పనేనా అన్న ధర్మసందేహం మా అపార్టుమెంటులో తలెత్తింది. భుజం నొప్పి లేని కళలో ఆత్మ ఉండదని అందరం ఏకగ్రీవంగా తీర్మానించాం. లిఫ్టులో, మూడో అంతస్తు వచ్చేలోగా.

ఆత్మ అంటే పొందూరు ఖద్దరు వాళ్లది. మనం పళ్లు తోముకోవడానికే కరెంటు బ్రష్షు వాడుతుంటే, వాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో, ఆ పళ్లతోనే దువ్వుతారు. శ్రీకాళహస్తి వాళ్లు బట్టను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి, ఇనప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన నల్లరంగుతో వెదురు కలం పట్టి బొమ్మలు వేస్తారు. మా ఆవిడ జాకెట్టు మీదున్నది కంప్యూటరు ముద్రించిన కలంకారీ. కలం లేదు, కారీ లేదు, ముఖ్యంగా పాల వాసన లేదు.

సర్కారు ఏం చేయలేదనడం పాపం. 1985లోనే చట్టం తెచ్చి 22 రకాల బట్టలు చేనేతకే కేటాయించారు. తర్వాత అంత బరువు మోయలేరని జాలిపడి 11కు దించారు. అందులో చీర ఇంకా ఉంది. ప్రింటు చీరలాగే ఆ చట్టమూ ముందువైపు కళకళలాడుతుంది, తిరగేయకూడదంతే. 2020లో జులై నెలాఖరున అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసి, ఆగస్టు 7న శుభాకాంక్షలు చెప్పారు. అడ్డంకి తొలగించి మరీ పండగ చేయడం అంటే అదీ.

2019-20 చేనేత గణనలో దాదాపు మూడింట రెండు వంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపే అని తేలింది. నిరాడంబరంగా బతకడం ఎలాగో నేర్చుకోవడానికి మేం వారాంతపు శిబిరానికి అంతకంటే ఎక్కువే కట్టి వస్తున్నాం. వాళ్లకది ఇంట్లోనే, ఏడాది పొడుగునా.

సరే, ప్రదర్శన సంగతి. "ఇన్ని చెదిరిన అంచులున్నాయి, వాటికి ఎంత తగ్గిస్తావు?" అని అడిగాను. అతను నావైపు ఒకసారి చూసి, చీరను పాత మడతల మీదే మళ్లీ మడవడం మొదలుపెట్టాడు. మడత పూర్తికాకముందే పైటకొంగు నా భుజాన వేసుకుని సెల్ఫీ తీసుకున్నాను. "నేతన్నకు వందనం" అని పెడితే సాయంత్రానికి బోలెడు లైకులు. చీర మాత్రం పక్క స్టాలులో కొన్నాం.

మొన్న ఆదివారం దాన్ని మొదటిసారి తడిపాం. బకెట్టు నిండా ఎర్రనీళ్లు. దండెం మీద ఆరేసి చూస్తే స్కేలు పెట్టి గీసిన గళ్లన్నీ అలుక్కుపోయి, ఎరుపు తెలుపులోకి పారి ఉంది. మా ఆవిడ నోట మాట లేదు.

నేనే ధైర్యం చెప్పాను: "ఇప్పుడు అచ్చం పోచంపల్లిలా లేదూ!"