ఆదివారం అమావాస్య, నల్ల బొమ్మ, నేను

ఇది నిన్న పొద్దున జరిగింది. ఇప్పటికీ లిఫ్టులో ఎవరైనా ఎదురైతే ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తున్నాను.

ఇత్తడి బిందె కోసం అటక ఎక్కితే పాత బిస్కెట్ డబ్బాలో స్నేక్ ఐస్ దొరికాడు. జీ.ఐ. జో అనే అమెరికా బొమ్మ సైనికుల్లో ఒంటినిండా నల్ల డ్రెస్సు, మొహానికి ముసుగు ఉండేవాడు. మా మేనమామ 1986లో అమెరికా నుంచి తెచ్చాడు. వాడితో వచ్చిన తోడేలు ఆ వేసవిలోనే అమ్మమ్మగారింటి బావిలో పడిపోయింది, కత్తి ఏ తమ్ముడు మింగాడో తెలీదు. నిలబెడితే నాలుగు అంగుళాలు కూడా ఉండడు గానీ చూడగానే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. వెంటనే ఫోటో తీయాలనిపించింది, అదీ మామూలు ఫోటో కాదు, ఎడారిలో మోకాలి మీద కూర్చుంటే వెనక బాంబు పేలుతున్నట్టు.

పార్కింగ్ పక్కన పూలకుండీల దగ్గర ఎండ బావుంటుంది. ఎడారికి పూజగదిలోని పసుపు, బాంబుకి కుంకుమ. మా ఆవిడ ఇంకా లేవలేదు, లేచి ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు. ఆ రోజు ఆదివారం అమావాస్య అన్న సంగతీ నాకు తెలీదు. మా ఇంట్లో క్యాలెండర్ ఉన్నది పాల లెక్కకి.

నేల మీద బోర్లా పడుకున్నాను. ఎడమ చేత్తో ఫోన్, కుడి అరచేతిలో కుంకుమ, గడ్డం పసుపులో. వాడి మోకాలు ఇంకొంచెం వంచితే సరిగ్గా కుదురుతుంది. వంచాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. 1982లో మొదలై ఆ రోజుల్లో వచ్చిన ఈ చిన్న సైజు జోలకి పొట్టలో ఒక రబ్బరు రింగు ఉంటుంది. ఛాతీ, నడుము, కాళ్ళు మూడింటినీ కలిపి పట్టుకునేది అదొక్కటే. బయటికి ఎంత వీరుడైనా లోపల కుళాయి వాషర్ లాంటి రింగు మీదే బతుకు. ఏళ్ళు గడిస్తే అది ఎండిపోతుంది. ఇదంతా నాకు తెలుసు, తెలిసే వంచాను. టక్‌మంది. కాళ్ళు ఒకవైపు, నడుము ముక్క ఇంకోవైపు, ఛాతీ పసుపులో వెల్లకిలా. తెగిన రింగు ఎండిన మిరపకాయ తొడిమలా వంకర తిరిగి నా వేలికి అంటుకుంది. సరిగ్గా అప్పుడే అదిరిపడి ఊపిరి వదిలాను, కుంకుమంతా లేచి ముక్కల మీద, నా మొహం మీద పడింది. పేలుడు మాత్రం అద్భుతంగా వచ్చింది, ఫోటోలో లేదు.

తలెత్తితే వాకింగ్ బూట్లు. పైన మా అసోసియేషన్ సెక్రటరీ గారు. ఆయన చూసిందేమిటో ఆయన వైపు నుంచి ఆలోచించండి: అమావాస్య పొద్దున, పసుపు ముగ్గు, కుంకుమ, నడుం తెగిన నల్ల బొమ్మ, దాని ముందు ఎర్ర మొహంతో సాష్టాంగపడ్డ మనిషి. పక్కనే నలిగిన నిమ్మకాయ. ఆ నిమ్మకాయ నాది కాదు! ఆయన కారు బంపర్‌కి కట్టిన దిష్టి దండలోంచే ఊడిపడింది, మిరపకాయలు ఇంకా అక్కడే వేలాడుతున్నాయి.

"304 గారూ, ఏమిటండీ ఇది?" అన్నారు. పదకొండేళ్ళుగా పక్క బ్లాకులో ఉన్నా నా పేరు ఆయనకు తెలీదు, మెయింటెనెన్స్ బాకీ మాత్రం పైసలతో సహా తెలుసు.

"బొమ్మ కాదండీ, యాక్షన్ ఫిగర్" అన్నాను. ఆయన అడిగింది అది కాదని నాకూ తెలుసు. కానీ 1964లో మొదటి జో వచ్చినప్పుడు బొమ్మ అంటే మగపిల్లలు ఆడుకోరని కంపెనీవాళ్ళు కష్టపడి పెట్టిన మాట అది, నోట్లోంచి అదే వచ్చింది. "యాక్షన్ అంటే ఎవరి మీదండీ?" అన్నారాయన. కథలో స్నేక్ ఐస్ మూగవాడు. ఆ క్షణంలో నేనూ అంతే.

నేను మొహం కడుక్కుని వచ్చేసరికి వాట్సాప్ గ్రూపులో ఫోటో పడిపోయింది. పైన రాసింది "సెల్లార్‌లో అనుమానాస్పద సామగ్రి, పిల్లల్ని కిందికి పంపకండి." నలభై మూడు దండాలు. రెండు నెలలుగా లిఫ్టు తలుపు పడట్లేదని నేను పెట్టిన మెసేజ్‌కి ఒక్క బొటనవేలే వచ్చింది. అది పెట్టింది మా ఆవిడేనని తర్వాత తెలిసింది. గ్రూపులో సంజాయిషీ రాశాను, విడిగా 1982లో మొదటి స్నేక్ ఐస్‌కి రంగుల ఖర్చు తగ్గించడానికే ఒట్టి నల్ల ప్లాస్టిక్‌తో వదిలేశారని కూడా వివరించాను. దానికి 502 ఆంటీ "జాగ్రత్త బాబూ, ఇలాంటివి మొదట్లో సరదాగానే ఉంటాయి" అని రాశారు.

ఛాతీ భాగం నా దగ్గరుంది. నడుము, కాళ్ళు మాత్రం సెక్రటరీ గారు ప్లాస్టిక్ కవర్లో వేసి ఆఫీసు బీరువాలో పెట్టారు. శుక్రవారం పంతులుగారొచ్చి సెల్లార్‌లో శాంతి చేశాక ఇస్తారట. ఖర్చు ఫ్లాటుకి 150 రూపాయలు, 304 ఒక్కదానికీ 1,116. ప్లంబింగ్ షాపులో రబ్బరు రింగు అయిదు రూపాయలకే దొరికింది, రెండు కొన్నాను.