ఆదివారం గంజాయి, సోమవారం వార్డు డ్యూటీ

నర్సింగ్ కాలేజీల్లో గంజాయి సంగతి ఎత్తితే హైదరాబాద్‌లో చాలా యాజమాన్యాల నోట వచ్చే మొదటి మాట ఒక్కటే: "మా దగ్గర అలాంటివేం లేవండీ, మావన్నీ ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు." ఇందులో దేనికీ నిలబడే ఆధారం లేదు. నర్సింగ్‌లో ఇప్పుడు అబ్బాయిలు కూడా బాగానే చేరుతున్నారు, ఊరి నుంచి వచ్చినంత మాత్రాన, ఆడపిల్ల అయినంత మాత్రాన హాస్టల్‌లో ఎవరో అందించిన జాయింట్ చేతికి రాకుండా పోదు, పైగా ఊళ్లలో గంజాయి దొరకదన్న నమ్మకం ఎప్పుడో పాతబడిపోయింది.

2025 జూన్‌లో తెలంగాణ రాష్ట్ర యాంటీ నార్కోటిక్స్ బ్యూరోని, అంటే మత్తుమందుల మీద పనిచేసే పోలీసు విభాగాన్ని, 'ఈగల్' అని పేరు మార్చి కొత్తగా మొదలుపెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ బృందం నగర శివార్లలోని ఒక మెడికల్ కాలేజీ విద్యార్థులు గంజాయి కొంటున్నారని బయటపెట్టింది, పరీక్ష చేస్తే కొందరికి పాజిటివ్ వచ్చింది, మత్తు మాన్పించే చికిత్సకి, అంటే డీఅడిక్షన్‌కి, పంపారు. కాబోయే డాక్టర్లు అనేసరికి టీవీల్లో ఒకటే హడావిడి. మెడికల్ కాలేజీ, నర్సింగ్ కాలేజీ చాలాచోట్ల ఒకే క్యాంపస్‌లో, ఒకే క్యాంటీన్‌తో నడుస్తాయని మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఎయిమ్స్ వాళ్లు చేసి 2019లో విడుదలైన జాతీయ సర్వేలో 10 నుంచి 75 ఏళ్ల లోపు వాళ్లలో 2.8 శాతం మంది, అంటే సుమారు 3.1 కోట్ల మంది, ఏడాదిలో ఏదో ఒక రూపంలో భంగో గంజాయో వాడారని తేలింది. అంతమందిలో నర్సింగ్ విద్యార్థులు ఒక్కరూ ఉండరనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

సరే, ఉన్నారనే అనుకుందాం. అప్పుడేంటి? ఇక్కడ పిల్లలు అడిగే ప్రశ్నని కొట్టిపారేయకూడదు. "మేడమ్, ఆదివారం రూమ్‌లో నేనేం చేస్తే ఎవరికేం? సోమవారం పొద్దున ఎనిమిదింటికి వార్డులో ఉన్నానా, బీపీలు చూశానా, లాగ్ బుక్ రాశానా, అది చూడండి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్లు తాగట్లేదా, వాళ్లనెవరూ ప్రమాణాల గురించి అడగరేం?" అని ఒక విద్యార్థి అంటే చాలామంది టీచర్లు ఆధునిక నర్సింగ్‌కి ఆద్యురాలైన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు చెప్పి నోరు మూయిస్తారు. నర్సింగ్ విద్యార్థులు ప్రమాణం చేసే ల్యాంప్ లైటింగ్ రోజున దీపం పట్టుకుని అందరూ చదివే ప్రతిజ్ఞలో హానికరమైన మందు ఏదీ నేను తీసుకోను, తెలిసి ఎవరికీ ఇవ్వను అన్న మాట ఉంది నిజమే. కాకపోతే ఆ ప్రతిజ్ఞ నైటింగేల్ రాసింది కాదు, 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక నర్సింగ్ స్కూల్ కోసం తయారైంది. నైటింగేల్ అయితే తన నొప్పులకు చర్మం కింద నల్లమందు ఇంజెక్షన్ వేయించుకుని, నొప్పి తగ్గుతుంది గానీ బుద్ధి చురుకుదనానికి అదేమంత మేలు చేయదని 1866లో ఒక ఉత్తరంలో రాసుకుంది కూడా. కాబట్టి దేవతని అడ్డం పెట్టుకుని జవాబు చెబితే కుదరదు.

నా దృష్టిలో జవాబు వేరే చోట ఉంది. సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఆదివారం మత్తు దిగక సోమవారం తప్పు కోడ్ రాస్తే ఇంకొకరు చూస్తారు, సరిచేస్తారు, మహా అయితే క్లయింట్ తిడతాడు. పొటాషియం క్లోరైడ్‌ని సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాల్సింది పోయి నేరుగా నరంలోకి తోసేస్తే గుండె ఆగిపోతుంది, దాన్ని ఎవరూ రివ్యూ చేయలేరు. ఇన్సులిన్ పది యూనిట్ల బదులు వంద ఎక్కిందంటే రాత్రి నిద్రలోనే మనిషి చేయి దాటిపోవచ్చు. పైగా బెడ్ మీద ఉన్న పేషెంట్‌కి ఈ సిస్టర్ వద్దు, ఆ సిస్టర్ కావాలి అని ఎంచుకునే అవకాశం లేదు, మత్తులో ఉన్న నర్సుకి ఎదురుచెప్పే ఓపికా లేదు. నర్సుకి మామూలు ఉద్యోగి కన్నా ఎక్కువ కట్టుబాటు ఉండాలనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. 'పవిత్రమైన వృత్తి' లాంటి మాటలు పక్కన పెట్టేద్దాం, ఆ మాటలు ఎక్కువగా జీతం పెంచమన్నప్పుడు వినబడుతుంటాయి.

అయితే ఈ కట్టుబాటుని దేంతో కొలుస్తాం? ఇక్కడే మనవాళ్లు పప్పులో కాలేస్తున్నారు. అందరికీ యూరిన్ టెస్ట్ చేయించేస్తే సరిపోతుందంటారు. గంజాయి ఒకసారి తాగినా రెండు మూడు రోజులు, రోజూ అలవాటున్న వాళ్లకైతే వారాల తరబడి మూత్రంలో దాని ఆనవాళ్లు ఉంటాయి. అంటే పోయిన ఆదివారం తాగి ఈరోజు పూర్తి తెలివిలో ఉన్న అమ్మాయి పట్టుబడుతుంది, రాత్రంతా మందు కొట్టి తలనొప్పితో, చేతులు వణుకుతూ వచ్చిన అబ్బాయి ఆ స్ట్రిప్‌లో శుభ్రంగా బయటపడతాడు. ఆ టెస్ట్ తాగిన చరిత్ర చెబుతుంది గానీ ఇప్పుడు డ్యూటీకి పనికొస్తారా లేదా అన్నది చెప్పదు.

డ్యూటీకి పనికిరావడం అనే మాటని నిజంగా పట్టించుకుంటే చాలా ఆసుపత్రులకు ఇబ్బందిగా ఉంటుంది. 1997లో ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు కొంతమందిని నిద్రపోనివ్వకుండా మేలుకునే ఉంచి పనితీరు కొలిచారు. 24 గంటలు నిద్రలేకుండా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా ఉందని తేలింది. మన దగ్గర డ్రంక్ అండ్ డ్రైవ్‌లో బండి పట్టుకునే హద్దు 0.03. నైట్ చేసిన సిస్టర్‌ని "స్టాఫ్ లేరమ్మా, మార్నింగ్ కూడా చూసుకో" అని డబుల్ డ్యూటీలో నిలబెట్టే ప్రతి ఆసుపత్రీ, ట్రాఫిక్ పోలీసు పట్టుకునే హద్దుకి మూడు రెట్లు తాగినవాడంత మందకొడిగా ఉన్న మనిషి చేతికి సిరంజి ఇస్తున్నట్టే. దీన్ని చూపించి గంజాయిని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ పేషెంట్ భద్రతే మీ బాధ అయితే ఎవరికి ఎన్ని డ్యూటీలు వేశారో చెప్పే రోస్టర్ కూడా బల్ల మీద పెట్టాలి కదా. విద్యార్థి మూత్రం సీసా మాత్రమే పెడితే ఎలా?

ఇక వినోదం కోసం తాగే గంజాయి ఒక సమస్య, వార్డులోని మందు నర్సు ఒంట్లోకి వెళ్లడం పూర్తిగా ఇంకో సమస్య. రెండూ కలిపేస్తే రెండూ అర్థం కావు. నైట్ డ్యూటీలో ఐసీయూ ఎలా ఉంటుందో చెప్తాను. ఫెంటానిల్ అంటే అలవాటుపడే గుణమున్న, చాలా బలమైన నొప్పి మందు, దాని ఆంప్యూల్ (చిన్న గాజు సీసా) 2 మిల్లీలీటర్లది, అందులో 100 మైక్రోగ్రాములు ఉంటాయి. డాక్టర్ 50 రాశాడనుకోండి, సగం లాగి పేషెంట్‌కి ఇస్తారు, మిగిలిన సగాన్ని ఇంకో నర్సు కళ్లముందు పారబోసి, రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకం పెట్టాలి, ఖాళీ ఆంప్యూల్ దాచి లెక్క అప్పజెప్పాలి. పుస్తకంలో పద్ధతి ఇదీ. తెల్లవారుజామున మూడింటికి రెండో నర్సు పక్క బెడ్‌లో పేషెంట్ గొంతులోని కఫం లాగుతూ (సక్షన్ చేస్తూ) ఉంటుంది, "అక్కా, తర్వాత పెడతా" అంటుంది, పొద్దున హ్యాండోవర్ ముందు నాలుగు వరసలకీ కలిపి ఒకేసారి సంతకాలు పడిపోతాయి. పారబోసిన ఆ ఒక్క మిల్లీలీటర్‌ని చూసింది ఎవరు? ఎవరూ లేరు. నూటికి తొంభైతొమ్మిది సార్లు అది సింక్‌లోకే పోతుంది, నేనూ అదే నమ్ముతాను. సింక్‌లోకి పోని రోజున మాత్రం ఆ రిజిస్టర్ చూసి ఎవరూ కనిపెట్టలేరు.

పక్కనే నిలబడి ఇదంతా చూసేది ఫోర్త్ ఇయర్ విద్యార్థి. మందుల లాకర్ తాళం తన చేతిలో లేదు, కానీ తాళం ఎలా వాడాలో, సంతకం ఎంత తేలికగా పెట్టొచ్చో అక్కడే నేర్చుకుంటుంది. ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ మీద క్లాసులో ఎన్ని పీపీటీలు చూపించినా ఆ అరనిమిషం సంతకాల ముందు అవి చెల్లవు.

ఆదివారం గంజాయి తాగిన ప్రతి ఒక్కరూ రేపు ఆంప్యూల్ దొంగిలిస్తారని అనడం అన్యాయం, అలాగని నేను అనడం లేదు. మామూలుగా దారి వేరేగా పడుతుంది. నైట్లు చేసి చేసి పగలు నిద్ర పట్టక ఒక ఆల్ప్రాజోలం మాత్ర, నడుం విరిగిపోతుంటే ఒక ట్రమడాల్, పేషెంట్ డిశ్చార్జి అయ్యాక మిగిలిన స్ట్రిప్ ఎలాగూ ఉంది. దీన్ని ఎవరూ డ్రగ్స్ అనుకోరు, "ట్యాబ్లెట్ వేసుకున్నా" అంటారు. ట్రమడాల్ 2018 నుంచి మత్తుమందుల్ని అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి వచ్చిందని చాలామంది వార్డు స్టాఫ్‌కే గుర్తుండదు. ఆల్ప్రాజోలం సంగతి తెలంగాణ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, కల్తీ కల్లులో కలిపేది అదే, అలవాటైన వాళ్లకి ఒక్కరోజు కల్లు దొరక్కపోతే ఫిట్స్ వచ్చి ఆసుపత్రికి తీసుకొస్తారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు కూడా. అలాంటి కేసులకు వార్డులో సెలైన్లు పెట్టే పిల్లే అదే మాత్రని నిద్ర కోసం బ్యాగులో పెట్టుకుని తిరగడం, అది తప్పని తనకి తోచకపోవడం, నన్ను గంజాయి కన్నా ఎక్కువ భయపెడుతుంది.

మరి పట్టుబడితే ఏం చేస్తున్నారు? చాలాచోట్ల జరిగేది ఇంతే: పేరెంట్స్‌ని పిలిపిస్తారు, తండ్రి ఆఫీసు రూమ్‌లో తల దించుకుని కూర్చుంటాడు, "పేపర్లో వస్తే మీ అమ్మాయికే నష్టం" అని చెప్పి టీసీ చేతిలో పెడతారు. కాలేజీ పేరు చెడదు, ఆ పిల్ల ఇంకో జిల్లాలో ఇంకో కాలేజీలో చేరుతుంది, సమస్య ఆర్టీసీ బస్సెక్కి ఇంకో చోటికి వెళ్తుంది. ఆడపిల్ల అయితే గంజాయి మాట వెనక్కి పోయి క్యారెక్టర్ మాట ముందుకొస్తుంది, అబ్బాయికి "వయసు అలాంటిది" అనే రాయితీ ఉంటుంది. నర్సుల్ని రిజిస్టర్ చేసే నర్సింగ్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేద్దామన్నా విద్యార్థి ఇంకా రిజిస్టర్డ్ నర్సు కాదు, అందుకే ఆ నాలుగేళ్లూ కాలేజీదే ఇష్టారాజ్యం. 1947 నాటి పాత చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది, అందులో ఎథిక్స్ బోర్డు ఉంది, బాగానే ఉంది, కానీ హాస్టల్ రూమ్‌లో దొరికిన పిల్ల విషయంలో ఏం చేయాలన్నది ఏ బోర్డూ వచ్చి చెప్పేదాకా ఆగనక్కర్లేదు.

ఎందుకంటే చట్టంలోనే దారి ఉంది. గంజాయి వాడితే ఎన్‌డీపీఎస్ సెక్షన్ 27 కింద ఆరు నెలల దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది అందరూ చెప్తారు. అలవాటుపడిన మనిషి తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వెళ్లి అది పూర్తి చేస్తే ఆ వాడకం కేసు నుంచి సెక్షన్ 64ఏ రక్షణ ఇస్తుంది. దీన్ని ఫస్ట్ ఇయర్ ఓరియంటేషన్‌లో చదివి వినిపించే కాలేజీ ఎక్కడైనా ఉంటే నాకు చెప్పండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి సిటీ మధ్యలోనే ఉంది, విద్యార్థులు సైకియాట్రీ పోస్టింగ్‌కి ఇలాంటి ఆసుపత్రులకే వెళ్తారు, అక్కడ డీఅడిక్షన్ పేషెంట్ల మీద కేస్ స్టడీ రాస్తారు, కానీ తమకే అవసరం వస్తే ఆ గేటు దాటడానికి ప్రాణం పోతుంది.

విదేశాల ఆశ ఉన్నవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి, మన పిల్లల్లో చాలామందికి ఆ ఆశ ఉంటుంది. అమెరికాలో నర్సు లైసెన్స్ కోసం రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్ష సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది, జర్మనీకి నర్సుల్ని పంపడానికి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టే ఆపొచ్చు. బ్రిటన్‌లో చదివిన విద్యార్థికైతే ఆరోగ్యం, నడవడిక బాగున్నాయని కాలేజీ తరఫున బాధ్యులు ధ్రువీకరిస్తేనే రిజిస్టర్‌లో పేరు ఎక్కుతుంది. అమెరికాలో గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రాల్లో కూడా నర్సుకి పాజిటివ్ వస్తే లైసెన్స్ బోర్డు ప్రశ్నించగలదు. కానీ అదే అమెరికాలో 1980ల నుంచే చాలా రాష్ట్రాల్లో, అలవాటుపడిన నర్సు ముందుకొచ్చి ఒప్పుకుంటే లైసెన్స్ తీసేయకుండా చికిత్స, నిఘా, పరీక్షల మీద మళ్లీ పనిలోకి తెచ్చే పద్ధతులు ఉన్నాయి. మందుల లాకర్ తాళం కొంతకాలం ఇవ్వరు, నైట్లు వేయరు, సంవత్సరాల పాటు పరీక్షలు చేస్తారు. సుఖమైన శిక్షేం కాదది.

ఇలా అంటే నాకు తెలిసిన ఒక సీనియర్ ట్యూటర్ ఒప్పుకోదు. "సెకండ్ ఛాన్స్ అని బోర్డు పెడితే అలుసైపోతుంది, రేపు పేషెంట్‌కి ఏమైనా అయితే నువ్వొచ్చి సమాధానం చెప్తావా?" అంటుంది. ఆవిడ భయం వట్టిదేం కాదు. అందుకే నేను గీసే గీత మెత్తగా ఉండదు: మత్తులో డ్యూటీకి వస్తే ఆ క్షణమే వార్డు బయట, పేషెంట్ మందు ముట్టుకుంటే కాలేజీలో స్థానం ఉండకూడదు, పోలీసు కేసు కూడా. కానీ ఎవరూ పట్టుకోకముందే "నాకు మానడం కావట్లేదు మేడమ్" అని వచ్చిన పిల్లకి టీసీ ఇస్తే, రెండో పిల్ల జీవితంలో రాదు, రాకుండానే చదువు పూర్తి చేసి రిజిస్ట్రేషన్ చేయించుకుని ఏదో ఒక ఆసుపత్రిలో అదే ఫెంటానిల్ రిజిస్టర్ ముందు కూర్చుంటుంది. ట్యూటర్ గారు భయపడుతున్న పేషెంట్ అక్కడే ఉంటాడు.

కాలేజీలు ఇప్పటికిప్పుడు చేయగలిగినవి పెద్ద ఖర్చు లేనివే. యాంటీ డ్రగ్ కమిటీ పేరుకు చాలాచోట్ల ఉంది, మాదకద్రవ్యాల వ్యతిరేక దినమైన జూన్ 26న ర్యాలీ తీసి ఫొటో దిగడంతో దాని పని అయిపోతోంది. ఆ కమిటీలో హాస్టల్ వార్డెన్‌ని తీసేసి బయటి నుంచి ఒక సైకియాట్రిస్టుని పెట్టాలి, ఎందుకంటే వార్డెన్‌కి చెప్పిన మాట సాయంత్రానికి మెస్‌లో తిరుగుతుంది. ఎప్పుడు, ఎవరికి, ఏ అనుమానం మీద పరీక్ష చేస్తారో, ఫలితం ఎవరు చూస్తారో కాగితం మీద రాసి అడ్మిషన్ రోజునే సంతకం తీసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో పెట్టుకుని, కట్టాల్సిన ఫీజు మెడ మీద కత్తిలా వేలాడుతుంటే ఏ పిల్లా నోరు విప్పదు, ముందు అవి తిరిగి ఇచ్చేయాలి. 14446 నంబరు, అది డీఅడిక్షన్ కోసం కేంద్రం నడిపే హెల్ప్‌లైన్, నోటీసు బోర్డు మీద కాకుండా బాత్‌రూమ్ తలుపు లోపలివైపు అంటించాలి, అక్కడైతే ఎవరు రాసుకుంటున్నారో ఎవరూ చూడరు. పోస్టింగ్‌లో ఉన్న ప్రతి విద్యార్థీ మందు పారబోయడానికి ఒక్కసారైనా మూడో సాక్షిగా నిలబడి, తన పేరు కూడా ఆ వరసలో రాయాలి, మూడింటికి జరిగిందానికి మూడింటికే.