సవరణ: చెక్క ఊతం, మొదటి గేరు

సెంటర్ స్టాండు లేని మోటారు సైకిలు వెనుక చక్రాన్ని నేల నుంచి లేపడానికి ఇంట్లోనే చేసుకోగల చెక్క ఊతం గురించి ఇంతకుముందు రాసినప్పుడు, బండి కదలకుండా దానిని మొదటి గేరులో ఉంచితే చాలునని పేర్కొన్నాను. అది పొరపాటు. గేరు పట్టి ఉంచేది వెనుక చక్రాన్ని మాత్రమే. ఆ చక్రమే గాలిలో ఉన్నప్పుడు ముందు చక్రానికి అడ్డు ఉండదు కనుక, బండి కాస్త ముందుకు దొర్లినా సైడ్ స్టాండు మడుచుకుపోయి మొత్తం పక్కకు ఒరిగిపోతుంది. పైగా చైను శుభ్రం చేయడానికి చక్రాన్ని చేత్తో తిప్పాలంటే బండి న్యూట్రల్‌లోనే ఉండాలి. నా సలహా ఆ పనికే అడ్డమన్న సంగతి రాసేటప్పుడు నాకు తట్టకపోవడం విచిత్రమే.

కాబట్టి చదునైన గట్టి నేలపై బండిని సైడ్ స్టాండు మీద నిలిపి, ముందు బ్రేకు లివరును నొక్కి హ్యాండిల్ గ్రిప్పుకు రబ్బరు పట్టీతో బిగించి కట్టిన తరువాతే, కుడివైపు స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని బండి చట్రానికి కలిపే చేయి) కింద, ఇరుసుకు దగ్గరగా ఊతాన్ని నిలపాలి.

ఊతం పొడవు కోసం నేల నుంచి స్వింగ్ ఆర్మ్ వరకు ఉన్న ఎత్తును బండి నిటారుగా ఉన్నప్పుడు కొలవమని అప్పుడు నేను రాయడం కూడా సరికాదు. సైడ్ స్టాండు మీద ఒరిగి ఉన్నప్పుడు కొలిచి, దానికి సుమారు 2 సెంటీమీటర్లు కలపాలి.