స్కాన్ ఖర్చు రిపోర్టుతో ఆగదు

ఎంఆర్ఐ కొనేటప్పుడు అందరి కళ్లూ యంత్రం ధర మీదే ఉంటాయి. లెక్క తప్పేది ఆ తర్వాత. పాత తరహా 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) యంత్రంలో అయస్కాంతాన్ని చల్లగా ఉంచడానికి 1,500 లీటర్లకు పైగా ద్రవ హీలియం పడుతుంది. అది మైనస్ 269 డిగ్రీల దగ్గర నిలవాలంటే, రోగులున్నా లేకున్నా కంప్రెసర్ రాత్రింబవళ్లు తిరగాల్సిందే. అది ఆగిన సంగతి ఎవరూ చూసుకోకపోతే హీలియం మరిగి ఆవిరైపోతుంది. మళ్లీ నింపి, అయస్కాంతాన్ని తిరిగి నిలబెట్టేదాకా పరీక్షలు బంద్.

రోజుకు 5 స్కాన్లు తీసినా 20 తీసినా ఈ ఖర్చు దాదాపు అంతే. కాబట్టి 20 తీస్తే ఒక్కో స్కాన్ మీద పడే భారం నాలుగో వంతు. ‘ఈ రోగికి స్కాన్ అవసరమా?’ అన్న ప్రశ్న మెల్లగా పక్కకు జరిగేది ఇక్కడే.

అవసరం చూడకుండా పరీక్ష చేస్తే ఏమవుతుందో చూద్దాం. వెయ్యి మందిలో 10 మందికే జబ్బు ఉందనుకుందాం. ఉన్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకుని, లేనివాళ్లలో 90 శాతానికి లేదనే చెప్పే పరీక్ష చేశాం. మంచి పరీక్షే. 9 మంది దొరుకుతారు. మిగతా 990 మందిలో 99 మందికి లేని జబ్బు అంటగడుతుంది. అంటే ‘అనుమానం’ అని రాసిన 108 రిపోర్టుల్లో నిజమైనవి 9. అదే పరీక్షను, డాక్టర్ లక్షణాలు చూసి పంపిన వెయ్యి మందికి చేద్దాం. వాళ్లలో 400 మందికి జబ్బు ఉంటే, 420 అనుమానాల్లో 360 నిజమవుతాయి. యంత్రం మారలేదు, పంపిన మనుషులు మారారు.

ఆ 99 మందికి మరో స్కాన్, బయాప్సీ, ఒక్కోసారి ఆపరేషన్. ఈ బిల్లులేవీ రేడియాలజీ విభాగం పద్దులో కనిపించవు. దక్షిణ కొరియాలో అల్ట్రాసౌండ్‌తో థైరాయిడ్ పరీక్షలు విస్తరించాక, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే సుమారు 15 రెట్లు పెరిగాయి. మరణాలు మాత్రం దాదాపు కదల్లేదు. గ్రంథి మొత్తం తీయించుకున్నవాళ్లు జీవితాంతం మాత్రలు మింగాలి. వెన్నెముకదీ ఇదే తంతు: నొప్పే లేని 20 ఏళ్ల వాళ్లలోనూ 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపిస్తుందని 2015 నాటి ఒక సమీక్ష తేల్చింది.

పక్షవాతం కేసులో మాత్రం సీటీ స్కాన్‌కి ఎంత పెట్టినా తక్కువే. రక్తనాళం పూడిందా, చిట్లిందా అన్నది చేతి పరీక్షతో తేలదు. నాళం పూడితే, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపే పడాలి. చిట్లిన మెదడుకు అదే ఇంజెక్షన్ ప్రాణాంతకం. కొద్ది నిమిషాల స్కాన్‌తో చికిత్స ఇటో అటో తేలిపోతుంది.

అందుకే యంత్రం విలువ కట్టాలంటే రిక్వెస్ట్ ఫారంలో రెండు గళ్లు చేర్చాలి: జబ్బు ఉందని వస్తే ఏం చేస్తారు, లేదని వస్తే ఏం చేస్తారు? రెంటికీ ఒకే జవాబు రాసిన ఫారాలను నెలాఖరులో పక్కకు తీసి లెక్కపెడితే, ఎన్ని స్కాన్లు యంత్రం కోసం తీశారో బయటపడుతుంది.