విన్‌రార్ ఇంకా అవసరమా?

2023 మే నెలలో మైక్రోసాఫ్ట్ చేసిన ఒక ప్రకటన సామాన్య వినియోగదారుల దృష్టికి పెద్దగా రాలేదు. దాని ప్రకారమే ఆ ఏడాది చివరికల్లా విండోస్ 11 కంప్యూటర్లలో రార్, 7జెడ్, టార్ ఫైళ్లు (జిప్ లాగే అనేక ఫైళ్లను ఒకే మూటగా కట్టే ఫార్మాట్లివి) విడిగా ఏ సాఫ్ట్‌వేరూ వేసుకోకుండానే తెరుచుకోవడం మొదలైంది. 2024లో వచ్చిన 24హెచ్2 అప్‌డేట్‌తో 7జెడ్, టార్ ఫైళ్లను తయారుచేసుకునే వీలు కూడా కలిగింది. అంతకుముందు చాలా ఏళ్లపాటు కొత్త కంప్యూటర్‌ను సిద్ధం చేసి ఇచ్చే షాపువాళ్లు అడగకుండానే వేసి పంపే నాలుగైదు సాఫ్ట్‌వేర్లలో, ఇలాంటి మూటలను కట్టే, విప్పే విన్‌రార్ ఒకటి. 40 రోజుల ట్రయల్ అని రాసి ఉన్నా, ఆ గడువు ముగిశాక కూడా ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉండే ఆ సాఫ్ట్‌వేర్‌ను డబ్బు పెట్టి కొన్నవారు మన చుట్టుపక్కల అరుదు. కారణం పోయినా అలవాటు మిగిలింది కనుక, ఫైళ్లను కుదించడానికీ విప్పడానికీ బయటి సాఫ్ట్‌వేర్ ఇంకా అవసరమా అన్న ప్రశ్నను ఇప్పుడు కొత్తగా వేసుకోవాలి.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా చర్చ ఏది ఎంత ఎక్కువగా కుదిస్తుందన్న లెక్క మీదికే వెళుతుంది. నా దృష్టిలో ఆ కొలబద్దకు కాలం చెల్లింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడితే దాన్ని సరిచేసి మన కంప్యూటర్‌దాకా తెచ్చే బాధ్యత ఎవరిది, మనం పంపిన ఫైలును అవతలివారు ఏ పరికరంలో తెరుస్తారు అన్న రెండు విషయాలే ఎంపికను నిర్ణయించాలి.

కుదింపు లెక్క ఎందుకు అక్కరకు రాదో ముందు చూద్దాం. జిప్ ఫార్మాట్‌ను ఫిల్ కాట్జ్ 1989లో తెచ్చారు. అందులో నేటికీ ఎక్కువగా వాడుతున్న డిఫ్లేట్ పద్ధతి, లెంపెల్, జివ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1977లో ప్రతిపాదించిన సూత్రం మీద నిలబడింది: ముందు వచ్చిన అక్షరాల వరుస మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయకుండా, ఎంత వెనక ఉందో, ఎంత పొడవుందో మాత్రమే రాయడం. అయితే డిఫ్లేట్ 32 కిలోబైట్ల మేరకే వెనక్కి చూడగలదు. ఇగోర్ పావ్లోవ్ 1999లో విడుదల చేసిన 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని ఎల్‌జడ్‌ఎంఏ పద్ధతి మెగాబైట్ల కొద్దీ వెనక్కి చూస్తుంది. అందువల్ల ప్రోగ్రాం కోడ్, సర్వర్ లాగ్‌లు, డేటాబేస్ బ్యాకప్‌ల వంటి వాటిని 7-జిప్ సొంత ఫార్మాట్ అయిన 7జెడ్ గణనీయంగా చిన్నది చేస్తుందన్నది నిజమే. తెలుగు టెక్స్ట్ కూడా బాగానే కుదించుకుపోతుంది. యూనికోడ్ అక్షరాలను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. వాటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. ఇంత పునరుక్తి ఉన్నచోట పాత డిఫ్లేట్ కూడా చక్కగా పనిచేస్తుంది.

కానీ సాధారణంగా మనం ఒకరికొకరం పంపుకొనేవి ఇవి కావు. ఫోన్‌లో తీసిన ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లే ఎక్కువ. జేపీఈజీ, ఎంపీ4 తయారయ్యేటప్పుడే కుదించి ఉంటాయి. వర్డ్, ఎక్సెల్ తయారుచేసే డాక్‌ఎక్స్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైళ్లయితే లోపల జిప్ ఫైళ్లే. పేరు చివర్న జిప్ అని మార్చి తెరిస్తే ఆ సంగతి కళ్లముందే కనిపిస్తుంది. వీటిని ఏ సాఫ్ట్‌వేర్‌తో నొక్కినా తగ్గేది నామమాత్రమే. ఇరవై ఫొటోలను జిప్ చేయడం వల్ల కలిగే ప్రయోజనం అవన్నీ ఒకే మూటగా మారడం. ఆ మాత్రం పనికి విండోస్‌లో ఉన్న సదుపాయం చాలు.

ఇక లోపాల సంగతి. విన్‌రార్‌లో ఏస్ అనే పాత ఫార్మాట్‌ను తెరవడానికి వాడిన ఒక లైబ్రరీలో (ఇతర ప్రోగ్రాంలు వాడుకునే సిద్ధ కోడ్‌లో) పంతొమ్మిదేళ్లకు పైగా దాగి ఉన్న లోపాన్ని 2019 ఫిబ్రవరిలో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. ఫైలును విప్పితే చాలు, దాడి చేసేవారు కోరుకున్న ఫోల్డర్‌లో వారి ప్రోగ్రాం చేరిపోయేది. విన్‌రార్ ఆ ఫార్మాట్‌నే తీసివేసింది. 2023 ఆగస్టులో సరిచేసిన మరో లోపాన్ని నేరగాళ్లు అంతకు కొన్ని నెలల ముందు నుంచే షేర్, క్రిప్టో వ్యాపారుల మీద ప్రయోగిస్తున్నారు. 2025 జులై చివర్లో ఇంకొకటి సరిచేశారు. అప్పటికే దాన్నీ దాడుల్లో వాడుతున్నారని ఈసెట్ అనే భద్రతా సంస్థ వెల్లడించింది. తయారీదారులు ప్రతిసారీ త్వరగానే స్పందించారు కాబట్టి వారిని తప్పుపట్టలేం. చిక్కల్లా ఆ తరువాతి మెట్టులో ఉంది. విన్‌రార్ గానీ 7-జిప్ గానీ తనంతట తాను అప్‌డేట్ కాదు. వెబ్‌సైట్‌కు వెళ్లి కొత్త వెర్షన్‌ను దించుకుని మళ్లీ వేసుకోవాలి. షాపులో వేసి ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్ పాడయ్యేదాకా అలాగే వాడేవారే అధికం. అందుకే 2023 లోపాన్ని సరిచేసిన తరువాత కూడా, ప్రభుత్వాల అండ ఉన్న హ్యాకర్ బృందాలు దాన్ని వాడుతూనే ఉన్నాయని ఆ అక్టోబరులో గూగుల్ హెచ్చరించవలసి వచ్చింది.

విండోస్‌లోని సదుపాయానికి మచ్చలేదని దీనర్థం కాదు. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలు మీద విండోస్ ఒక గుర్తు వేస్తుంది. ఆ గుర్తు ఉంటేనే తెరిచేముందు హెచ్చరిక వస్తుంది. జిప్ ఫైళ్లలో ఈ రక్షణను తప్పించుకునే లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2022 నవంబరులో సరిచేసుకుంది. రార్, 7జెడ్‌లను తెరవడానికి అది తెచ్చిపెట్టుకున్న లిబ్‌ఆర్కైవ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీలోని లోపాలకు 2024 జనవరిలో మరమ్మతు చేసింది. అదే ఏడాది మార్చిలో ప్రపంచాన్ని ఉలికిపాటుకు గురిచేసిన ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్ ఉదంతంలో (ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లో రహస్యంగా దొంగదారి పెట్టిన ఉదంతమిది), దానికి కారకుడైన అజ్ఞాత డెవలపర్ 2021లో లిబ్‌ఆర్కైవ్‌కు కూడా ఒక మార్పు పంపాడని తేలి, ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. అంటే లోపాల విషయంలో ఎవరూ ఎవరికీ తీసిపోరు. తేడా అంతా మరమ్మతు చేరే దారిలో ఉంది. విండోస్‌కు వచ్చే సవరణ నెలవారీ అప్‌డేట్‌తో కోట్ల కంప్యూటర్లకు తనంతట తాను చేరుతుంది. వాడేవారికి జిప్ అంటే ఏమిటో తెలియనక్కరలేదు. 7-జిప్ అయితే పైన చెప్పిన గుర్తును విప్పిన ఫైళ్లకు కూడా అంటించే సదుపాయాన్ని 2022లో గానీ చేర్చలేదు, చేర్చినప్పుడు కూడా ఆఫ్‌లోనే ఉంచింది. సెట్టింగులను వెతికి ఆన్ చేసుకునేవారు ఎంతమంది ఉంటారు?

అందువల్ల ఎవరో పంపిన ఫైలును విప్పే పని వరకు విండోస్ 11 ఉన్నవారికి అందులో ఉన్నదే మేలని నా అభిప్రాయం. వేల కొద్దీ చిన్న ఫైళ్లున్న జిప్‌ను విప్పేటప్పుడు అది నత్తనడక నడిచిన మాట వాస్తవమే. ప్రోగ్రామర్లు ఆ జాప్యాన్ని భరించరు, భరించనక్కరలేదు కూడా. అప్‌డేట్ చేసుకునే అలవాటు వారికి ఎలాగూ ఉంటుంది.

విండోస్ ఇప్పటికీ పూడ్చని అసలైన లోటు పాస్‌వర్డ్. పాత విండోస్ ఎక్స్‌పీలో జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుండేది, దాని తరువాత వచ్చిన విస్టాలో తీసేశారు. పోయిందని బాధపడవలసిన పనీ లేదు, ఎందుకంటే ఆ పాత జిప్ ఎన్‌క్రిప్షన్‌ను ఎలా ఛేదించవచ్చో బిహమ్, కోచర్ అనే పరిశోధకులు 1994లోనే చూపించారు. దాని స్థానంలో గట్టిది పెట్టకపోవడమే విడ్డూరం. కొత్తగా వచ్చిన 7జెడ్ తయారీలోనూ పాస్‌వర్డ్ లేదు. పాస్‌వర్డ్ పెట్టిన రార్, 7జెడ్ ఫైళ్లు వస్తే విండోస్ విప్పలేదు. పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16 అన్నీ కలిపి ఆడిటర్‌కు మెయిల్ చేసేవారు మన మధ్య లక్షల్లో ఉన్నారు. వారికి ఏఈఎస్-256 అనే గట్టి ఎన్‌క్రిప్షన్‌తో కట్టి, లోపలి ఫైళ్ల పేర్లను కూడా దాచగలిగే 7-జిప్ నిజంగా అవసరం. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాసి పంపితే మాత్రం ఏ ఎన్‌క్రిప్షనూ కాపాడదు. నాలుగంకెల పాస్‌వర్డ్ కూడా అంతే: కంప్యూటర్ ప్రయత్నించవలసినవి పదివేల సంఖ్యలే.

తెలుగు పేర్లతో ఫైళ్లు దాచుకునేవారికి ఇంకో చరిత్ర ఉంది. జిప్ ఫార్మాట్‌లో ఫైలు పేర్లు మొదట్లో పాత అమెరికన్ కోడ్ పేజీలోనే (అక్షరాలకు సంఖ్యలు కేటాయించే పట్టికలోనే) ఉండేవి. యూటీఎఫ్-8కు చోటు దొరికింది 2006లో. తెలుగుకు విండోస్‌లో పాతకాలపు సిస్టమ్ కోడ్ పేజీ లేదు, నేరుగా యూనికోడ్‌తోనే ప్రవేశించింది. ఫలితంగా ఎక్స్‌పీ, విస్టా రోజుల్లో తెలుగు పేరున్న ఫైలును జిప్ చేయబోతే, ఈ అక్షరాలు కుదరవు, పేరు మార్చుకోండి అని విండోస్ మొరాయించేది. అప్పట్లో బయటి సాఫ్ట్‌వేర్ వేసుకోవడం తెలుగువారికి విలాసం కాదు, గత్యంతరం లేక చేసిన పని. విండోస్ 8 తరువాత ఆ బాధ తప్పింది. అయినా ఒక చిక్కు మిగిలే ఉంది: లినక్స్‌లో సాధారణంగా ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు, అంటే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కించి 85 తెలుగు సంకేతాలు. విండోస్‌లో పొడుగ్గా తెలుగు పేరు పెట్టి జిప్ చేసిన ఫైలు లినక్స్ సర్వర్ మీద విప్పబోతే విఫలం కావచ్చు. దీనికి సాఫ్ట్‌వేర్ మార్చడం మందు కాదు, పేరు కురచగా పెట్టుకోవాలి.

విండోస్‌లో 7జెడ్ తయారీ సదుపాయం రావడాన్ని చాలామంది మెచ్చుకున్నారు గానీ, నాకు కొంత అనుమానమే. ఇవాళ అవతలి మనిషి ఆ ఫైలును ఎక్కువగా తెరిచేది ఫోన్‌లో. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫైల్స్, ఐఫోన్‌లో ఫైల్స్ యాప్ జిప్‌ను విప్పుతాయి. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవారికి 7జెడ్ పంపితే వారు ప్లే స్టోర్‌లో ప్రకటనలతో నిండిన ఏదో యాప్‌ను వెతుక్కోవలసి రావచ్చు. పది శాతం చిన్నదైన ఫైలు కోసం వారి మీద ఆ భారం మోపడం సబబు కాదు. ఒకరికి పంపేది జిప్‌గానే ఉండాలి. 7జెడ్ సొంత బ్యాకప్‌లకు, పాస్‌వర్డ్ తప్పనిసరైన చోట ముందే చెప్పి పంపే ఫైళ్లకు పరిమితం కావాలి. రార్ కట్టవలసిన అవసరం ఇప్పుడు దాదాపు లేదు. ఫైలు కొంత చెడిపోయినా తిరిగి రాబట్టే రికవరీ రికార్డ్ దాని ప్రత్యేకత. ఏళ్ల తరబడి డిస్కుల్లో దాచుకునేవారికి తప్ప దానితో పనిపడదు.

విండోస్ 10 మీద ఉన్నవారి పరిస్థితి వేరు. 2025 అక్టోబరు 14తో దానికి సాధారణ మద్దతు ముగిసింది. రార్, 7జెడ్‌లను ఫోల్డర్‌లా తెరిచే సదుపాయం దానికి రానేలేదు. మన ఇళ్లలో, మీసేవ కేంద్రాల్లో, చిన్న కార్యాలయాల్లో అలాంటి యంత్రాలు ఇంకా నడుస్తున్నాయి. వాటిలో బయటి సాఫ్ట్‌వేర్ తప్పదు. అయితే ఎప్పుడో ఎవరో వేసిన పాత విన్‌రార్‌ను తీసేసి, 7-జిప్‌ను దాని అసలు వెబ్‌సైట్ నుంచే దించుకుని, నెలకోసారైనా హెల్ప్ మెనూలోని వెర్షన్ సంఖ్యను సైట్‌లో ఉన్నదానితో పోల్చి చూసుకునే పనిని ఎవరో ఒకరు తమదిగా తీసుకోవాలి.