ఏ ఒడ్డు బాబూ మీది?

ఇంటర్ అయ్యాక ఏ కోర్సు, ఏ కాలేజీ అని సలహాలిచ్చేవాళ్ళకి లోటు లేదు. పిల్లాడి ఆసక్తి చూడండి, ప్లేస్‌మెంట్లు చూడండి, ల్యాబులు చూడండి అంటారు. ఇవన్నీ విజయవాడలోనో కటక్‌లోనో పుట్టినవాళ్ళకి పనికొచ్చే మాటలు. పర్లాకిమిడిలో పుట్టినవాళ్ళు చూడాల్సింది ఒక్కటే, మహేంద్రతనయ ఏరు. ఏటికి ఇటు ఒడిశాలో మేము, అటు ఆంధ్రాలో పాతపట్నం. కూరగాయలకీ పెళ్ళి సంబంధాలకీ ఆ ఏరు ఎప్పుడూ అడ్డం రాలేదు గానీ, అడ్మిషన్ల సీజన్ రాగానే సముద్రమైపోతుంది.

మా మేనల్లుడి సంగతే తీసుకోండి. పదో తరగతి దాకా ఇక్కడే, ఒడిశా బోర్డులో. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, క్రికెట్‌లో రెండూ, తిట్లు మాత్రం అచ్చ శ్రీకాకుళం. మార్కులు బాగా వచ్చేసరికి మా అక్క వాణ్ణి విశాఖపట్నంలో ఓ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పడేసింది. రెండేళ్ళు ఉప్మా తిని ఇంటర్ పాసయ్యాడు పాపం. వాడు చదివింది ఎంపీసీ అనే అనుకున్నాం. ఊరు పేరు లేకుండా పోయే కోర్సు అని తర్వాత తెలిసింది.

ఎలాగంటారా? జేఈఈ మెయిన్ వాళ్ళు పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యావో అదే నీ రాష్ట్రం అంటారు. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్ళకి కాబట్టి, మావాడు ఆంధ్రాలోని తాడేపల్లిగూడెం ఎన్ఐటీకి సొంతవాడు, ఒడిశాలోని రూర్కెలా ఎన్ఐటీకి పరాయివాడు అయ్యాడు. సరే, ఆంధ్రావాడివని ఢిల్లీయే ఒప్పుకుంది కదా అని ధైర్యంగా ఆంధ్రా ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌కి వెళ్ళాం. అక్కడ 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తీశారు. 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవి. లోకల్ అంటే ఇంటర్ రెండో ఏడుతో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివుండాలి. మావాడు చదివింది రెండేళ్ళే. పోనీ మిగతా 15 శాతం చూద్దామంటే, తల్లిదండ్రులు పదేళ్ళు ఆంధ్రాలో ఉన్నట్టు చూపించాలి. మా బావ ఆంధ్రాలో ఉండటమా? పాతపట్నం పకోడీల కోసం వారానికి రెండుసార్లు వెళ్తాడు, అన్నీ కలిపితే పదేళ్ళు వస్తుందేమో. ఆ లెక్కకి సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు ఇంకా పెట్టలేదు.

ఇక సొంత గడ్డ ఒడిశాకి వద్దాం. పుట్టింది ఇక్కడే, రేషన్ కార్డు ఇక్కడే, ఓట్లన్నీ ఇక్కడే. అయినా ప్లస్ టూ బయట చదివావు కాబట్టి రెసిడెంట్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. దానికి పొలం పట్టా కావాలి. పట్టాలో మా బావ పేరులోని 'వెంకట' కాస్తా 'భెంకట' అయి కూర్చుంది. ఆధార్‌లో వెంకట, ఓటరు కార్డులో బెంకట. మనిషి ఒక్కడే, రాష్ట్రాన్ని బట్టి నోరు తిరిగింది. కౌంటర్లో ఆయన మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, కళ్ళద్దాలు పైకి తోసి, చాలాసేపు చూసి, "ఈ ముగ్గురిలో పిల్లాడి తండ్రి ఎవరు?" అని ఒడియాలో అడిగాడు. ఎగతాళి కాదండీ, నిజంగానే అడిగాడు. మా అక్క ముఖం చూడాలి.

అఫిడవిట్ వేసి ఆ గండం గట్టెక్కాం. తర్వాత వెరిఫికేషన్‌లో సీఎల్సీ అడిగారు. టీసీ ఇచ్చాం. ఇది టీసీ, సీఎల్సీ ఏది అన్నారు. ఏటికి అటు టీసీ అంటారు, ఇటు కాలేజీ లీవింగ్ సర్టిఫికెట్ అంటారు, కాగితం ఒకటేనండీ అని నేను నచ్చజెప్పబోతే, పేరు వేరైతే కాగితం ఒకటి ఎలా అవుతుందన్నారు. భెంకట విషయంలో దెబ్బతిన్నవాణ్ణి, నోరు మూసుకున్నాను.

ఇంత జరుగుతుంటే బంధువుల టెన్షన్ వేరు. సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, తప్ప ఇంకోటి తీసుకోకు అని అందరూ చెప్పినవాళ్ళే. మావాడికి చరిత్ర ఇష్టం, ఆ మాట పైకి అంటే ఇంట్లో ఎవరో పోయినట్టు చూస్తారు. చరిత్రకి మాత్రం ఏం తక్కువ మా ఊళ్ళో? 1896లో పెట్టిన కాలేజీ ఉంది. గిడుగు రామమూర్తి పంతులు ఇక్కడే పాఠాలు చెప్పి, వాడుక భాష కోసం కొట్లాడారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. అది నిరసన అని అందరూ రాస్తారు. నాకెందుకో ముందుచూపు అనిపిస్తుంది. నాలుగేళ్ళ లోకల్ రూలు ఎప్పటికైనా వస్తుందని పంతులుగారు పసిగట్టి ఉంటారు.

అందుకని ప్రభుత్వాలకి నాదో మనవి. ఏటి వంతెన మీద, సరిగ్గా మధ్యలో, ఓ కాలేజీ కట్టండి. టీసీ సగం, సీఎల్సీ సగం ఇవ్వండి. పేరు రాసేటప్పుడు 'వ'కీ 'భ'కీ మధ్యలో ఏదన్నా అక్షరం ఉంటే వాడండి.

మా మేనకోడలు ఇప్పుడు ఎనిమిదో తరగతి. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు, మొత్తం నాలుగు అని అక్క వేళ్ళు మడిచి లెక్కేసింది. పరీక్షలు అవగానే పాతపట్నంలో అద్దెకి దిగుతుందట. మొన్న ఇల్లు చూడ్డానికి వెళ్తే ఓనరు, "ఎక్కడోళ్ళమ్మా మీరు?" అన్నాడు. అక్క వెంటనే చెప్పలేకపోయింది. ఏ ఊరి పేరు చెబితే అద్దె తగ్గుతుందో ఆలోచిస్తోంది.